ఇద్దరు నాన్నలు, రెండు చదరంగాలు

సికింద్రాబాద్‌లో ఆదివారం పూట ఏ స్కూల్లో చెస్ టోర్నమెంటు జరిగినా, వరండాలో పిల్లల కోసం కాచుక్కూర్చున్న తల్లిదండ్రుల కబుర్లు కాసేపటికి ఒక చోటికే చేరతాయి. హంపి వాళ్ల నాన్న ఉద్యోగం మానేశారట, గుకేశ్ వాళ్ల నాన్న ఆసుపత్రి మానేశారట, మనవల్ల అవుతుందా అని. రెండు జీవితాల్నీ ఒకే త్యాగగాథగా చెప్పుకోవడం మనకు అలవాటైపోయింది. పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం ఆ ఇద్దరు తండ్రులు వదులుకున్నది ఒకలాంటిదే గానీ, చేసిన పని ఒకటి కాదు. ఇద్దరి ఆటలోనూ ఆ తేడా కనిపిస్తుంది.

కోనేరు హంపి 1987లో గుడివాడలో పుట్టింది. తండ్రి అశోక్ కెమిస్ట్రీ లెక్చరర్, చెస్ బాగా తెలిసిన మనిషి. కూతురి కోసం ఉద్యోగం వదిలి తానే గురువయ్యారు. ఇల్లే బడి. ఆ బడి ఏం సాధించిందో లెక్కలే చెబుతాయి: 1997లో పదేళ్లలోపు బాలికల ప్రపంచ టైటిల్, 2001లో ప్రపంచ జూనియర్ బాలికల టైటిల్, 2002లో 15 ఏళ్ల 1 నెల 27 రోజుల వయసుకే గ్రాండ్‌మాస్టర్ హోదా. మహిళల్లో అతి చిన్న వయసు గ్రాండ్‌మాస్టర్‌గా జుడిత్ పోల్గార్ పేరిట ఉన్న రికార్డు మూడు నెలల తేడాతో చెరిగిపోయింది.

దొమ్మరాజు గుకేశ్ 2006లో చెన్నైలోని తెలుగు ఇంట్లో పుట్టాడు. నాన్న రజనీకాంత్ ఈఎన్‌టీ సర్జన్, అమ్మ పద్మకుమారి మైక్రోబయాలజిస్టు. రజనీకాంత్ ప్రాక్టీసు పక్కన పెట్టి కొడుకు వెంట దేశాలు తిరిగారు, ఇల్లు అమ్మ జీతం మీద గడిచింది. కానీ ఆయన ఎత్తులు నేర్పలేదు. ఆ పని విష్ణు ప్రసన్న చూసుకున్నారు. కంప్యూటర్ ఇంజిన్ జోలికి పోనివ్వకుండా, సొంత బుర్రతో లెక్క కట్టడం అలవాటు చేశారు. తర్వాత విశ్వనాథన్ ఆనంద్ అకాడమీ వచ్చింది, ఒకప్పుడు ఆనంద్‌కే సహాయకుడైన పోలండ్ గ్రాండ్‌మాస్టర్ గజెవ్‌స్కీ వచ్చారు, సింగపూర్‌లో జరిగిన ప్రపంచ కిరీటం పోరుకు ముందు మానసిక శిక్షణకు ప్యాడీ ఆప్టన్ వచ్చారు. ఆ బృందంలో మన గుంటూరు పెంటల హరికృష్ణ కూడా ఉన్నాడు. హంపి కన్నా ఒక ఏడాది పెద్దవాడు, 2001లోనే గ్రాండ్‌మాస్టర్ అయినవాడు.

హంపికి ఆ హోదా వచ్చేనాటికి దేశం మొత్తం మీద గ్రాండ్‌మాస్టర్లు పదిమంది కూడా లేరు. 2019 జనవరిలో గుకేశ్ 59వ వాడయ్యాడు, అదీ 12 ఏళ్ల 7 నెలల 17 రోజుల వయసులో. మధ్యలో గడిచింది పదిహేడేళ్లే అయినా, ఆ పిల్లవాడి చుట్టూ సిద్ధంగా ఉన్న మనుషుల్ని చూస్తే మరో దేశం అనిపిస్తుంది. అశోక్ గారి ఇంటి బడికి ఒక హద్దు ఉండేదని, ఆ హద్దు అవతల పట్టుకుని నడిపించే చేతులు మన దగ్గర అప్పటికి తయారు కాలేదని నా అంచనా. తప్పు ఆ తండ్రిది కాదు. హద్దు దాకా తెచ్చిందే ఆయన.

ఆ హద్దు ఎక్కడ తగిలిందో చూడాలంటే 2011 నవంబరులో అల్బేనియా రాజధాని టిరానాకు వెళ్లాలి. మహిళల ప్రపంచ కిరీటం కోసం 24 ఏళ్ల హంపి, 17 ఏళ్ల హౌ యీఫాన్ తలపడ్డారు. పది గేములు అనుకున్నది ఎనిమిదిలోనే తేలిపోయింది, 5.5-2.5. హంపి ఒక్క గేమూ గెలవలేదు. 2008లో నల్చిక్‌లోనూ 2010లో హతాయ్‌లోనూ సెమీస్‌లో అడ్డుపడింది ఆ చైనా అమ్మాయే. 2007లోనే 2600 రేటింగు దాటి, జుడిత్ తర్వాత ఆ మెట్టెక్కిన రెండో మహిళ అనిపించుకున్న హంపికి ఒకే ప్రత్యర్థి మూడుసార్లు దారి మూసింది.

గుకేశ్ కథ 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో, ప్రపంచ కిరీటం పోరులో తేలింది. అప్పటికి 6.5-6.5. చివరిదైన పద్నాలుగో గేములో నల్ల పావులతో ఒక బంటు ఎక్కువున్నా, అందరూ డ్రా అని రాసిపెట్టుకున్న స్థితి. అప్పటి ప్రపంచ చాంపియన్ డింగ్ లిరెన్ 55వ ఎత్తులో రూక్‌ను ఎఫ్2కు తెచ్చాడు. రూక్‌లు మారాయి, గుకేశ్ బిషప్ డి5లో దిగింది, బిషప్‌లూ మారక తప్పలేదు. ఇక రాజులు, బంట్లే మిగిలాయి. 58వ ఎత్తుకు డింగ్ చేతులెత్తేశాడు. 18 ఏళ్ల కుర్రాడు కళ్లు తుడుచుకుంటూ పావులన్నీ మళ్లీ వాటి గళ్లలో సర్దాడు. ప్రత్యర్థి పొరపాటు వల్ల దొరికిన కిరీటమని పెదవి విరిచినవాళ్లున్నారు. ఆ మాటతో నేను ఏకీభవించను. ఏమీ లేని స్థితిలో గంటల తరబడి ప్రశ్నలు వేస్తూ కూర్చోవడమే గుకేశ్ ఆట.

ఇక్కడితో ఆపితే హంపికి అన్యాయం చేసినట్టే. 2017లో బిడ్డ తల్లయి, ఆటకు దాదాపు రెండేళ్లు దూరంగా ఉండి తిరిగొచ్చింది. 2019 డిసెంబరులో మాస్కోలో మహిళల ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ కోసం లీ టింగ్జీతో ఆర్మగెడాన్ (టై తేల్చే చివరి గేము) దాకా పోరాడి గెలిచింది. గుకేశ్ గెలిచిన నెలలోనే న్యూయార్క్‌లో మొదటి రౌండే ఓడి కూడా, 11 గేముల్లో 8.5 పాయింట్లతో రెండోసారి అదే టైటిల్ అందుకుంది. ఆఖరి గేములో నల్ల పావులతో ఇండోనేషియా క్రీడాకారిణి సుకందర్‌ను ఓడించింది. సింగపూర్ వార్తతో పోలిస్తే పత్రికల్లో ఈ గెలుపుకు దక్కిన చోటు తక్కువే. డబ్బులోనూ అంతే. సింగపూర్ పోరు మొత్తం బహుమతి 25 లక్షల డాలర్లు. 2023లో మహిళల కిరీటం పోరుకు పెట్టింది 5 లక్షల యూరోలు.

కిరీటం వచ్చాక 2025లో గుకేశ్ తడబడ్డాడు. ఆ జూన్‌లో నార్వేలో ప్రపంచ నంబర్ వన్ కార్ల్‌సన్‌ను ఓడించి ఆయన చేత బల్ల గుద్దించాడు గానీ, నవంబరులో గోవా ప్రపంచకప్‌లో మూడో రౌండుకే ఇంటిదారి పట్టాడు. హంపి ఆ జులైలో బతూమిలో, తన వయసులో సగమున్న దివ్యా దేశ్‌ముఖ్‌తో మహిళల ప్రపంచకప్ ఫైనల్ ఆడింది. రెండు క్లాసికల్ గేములూ డ్రా అయ్యాక ర్యాపిడ్‌లో ఓడింది. అప్పటికి ఆమెకు 38. ఆ వయసుకు గుకేశ్ ఎలా ఆడతాడో చూడాలంటే 2044 దాకా ఆగాలి.