‘అమాయక కళ’ ఎవరి మాట? హైతీ స్త్రీల కళ మీద కొన్ని ప్రశ్నలు

హైతీ కళ గురించి బయటివాళ్ల రాతల్లో ఒక మాట పదే పదే కనబడుతుంది: ‘అమాయక కళ’. బానిసలు తిరగబడి, నెపోలియన్ సైన్యాన్ని ఓడించి, 1804లో తెచ్చుకున్న స్వతంత్ర దేశం హైతీ. అట్లాంటి జనానికి అమాయకత్వం అంటగట్టడం వెనక ఏ రాజకీయం ఉందో అడగాలి. స్త్రీల విషయంలో మరీ అడగాలి.

1924లో అక్కడ ఇద్దరు చిత్రకారిణులు పుట్టారు. జాక్‌మెల్‌లో పుట్టిన లూస్ తుర్నియే, 1944లో పోర్టో ప్రిన్స్‌లో మొదలైన కళాకేంద్రం తొలి తరానికి చెందింది. విదేశాల్లో చదువుకుంది. మామూలు హైతీ మనుషుల ముఖాల్ని నిబ్బరంగా, ఆధునిక పద్ధతిలో గీసింది. రెండో ఆమె లూయీజియాన్ సెయింట్ ఫ్లెరాన్. 1970ల్లో రాజధాని పైన కొండల్లో నడిచిన ‘సాన్ సొలే’ కళాబృందానికి వంట చేసేది. అక్కడే కుంచె పట్టింది. తల్లులూ పిల్లలూ ఆమె బొమ్మల నిండా ఉంటారు. ఆ బృందాన్ని స్థాపించిన ఇద్దరిలో మోడ్ రొబార్ స్త్రీయే. అయినా 1975లో ఫ్రెంచి రచయిత ఆంద్రే మాల్రో వచ్చి చూసి, తర్వాత రాస్తేనే దానికి బయట గుర్తింపు.

‘అమాయక’ అన్న చట్రంలో చదువుకున్న తుర్నియే ఇమడదు. సెయింట్ ఫ్లెరాన్‌ని ఇముడుస్తారు గానీ, ఆమె ఆలోచించి గీసిందని ఒప్పుకోరు. ఒకామెకు చోటు లేదు, ఇంకొకామెకు బుద్ధి లేదు! రెండు పక్కలా కొట్టే కర్ర ఇది.

ఈ చట్రం ఎంత బోలుదో మిర్లాండ్ కాన్‌స్టాంట్ పని చూస్తే తెలుస్తుంది. 1968లో పుట్టిన ఈమె చిన్న వయసులోనే తల్లితో పాటు పెళ్లి గౌన్లు కుట్టే ఫ్యాక్టరీలో పూసలు కుట్టింది. కూలి దగ్గర పేచీ వచ్చి మానేసింది. 1990ల్లో వోడూ మత జెండాలు కుట్టడం మొదలుపెట్టింది. అప్పటికి అది ఎక్కువగా మగవాళ్ల పని, చమ్కీలతో చేసేవాళ్లు. ఆమె ఫ్యాక్టరీ పూసల పనిని జెండాలోకి తెచ్చింది. బట్టను చట్రానికి బిగించి కొక్కెం సూదితో కుట్టే పద్ధతి అది, పెళ్లి జాకెట్ల మీద మనవాళ్లు చేసే మగ్గం వర్క్‌కి దగ్గరి చుట్టం. కుట్టేటప్పుడు కనబడేది బట్ట వెనకవైపే. పూసలు అవతలి వైపు పడతాయి. ముందువైపు బొమ్మ ఎట్లా వస్తుందో మొత్తం బుర్రలో ఉండాల్సిందే. దీన్ని అమాయకత్వం అంటే ఎట్లా?

2010 భూకంపం మీద ఆమె చేసిన పెద్ద జెండా పేరులో దేశం, వారం, తేదీ తప్ప ఇంకో మాట లేదు. జాలి చూపే పని చూసేవాళ్లకి వదల్లేదు. సాక్ష్యం పెట్టింది.

2022లో వెనిస్ బియనాలేలో ఆమె జెండాలు వేలాడాయి. 2023లో లాస్ ఏంజెలిస్ ఫౌలర్ మ్యూజియం ఆమెకు విడిగా ప్రదర్శన పెట్టింది. సంతోషమే. కానీ ‘కూలి మనిషి కళాకారిణి అయింది’ అన్న కథ కూడా పాత చట్రానికి కొత్త రంగే. కూలి పనిలో ఉన్నప్పుడే ఆ చేతుల్లో కళ ఉంది. మారింది పేరు, ధర. మరి ఆ ఫ్యాక్టరీలో ఆమె పక్కన కూచుని కుట్టిన ఆడవాళ్ల సంగతేమిటి? ఇవాళ ఆమె వర్క్‌షాపులో పెద్ద జెండాలకు పూసలు ఎక్కించే సహాయకుల సంగతేమిటి? వాళ్ల నైపుణ్యానికి పేరు పెట్టలేని విమర్శ, ఒక్కరిని మెచ్చుకుని మిగతావాళ్లని మళ్లీ చీకట్లోకే తోస్తుంది. హైతీ స్త్రీల కళకు కావలసింది దయగల ప్రేక్షకులు కాదు, శ్రమ తెలిసిన విమర్శ.