ముందు చోటు చెప్పండి

సూరత్ ఫైర్ కంట్రోల్ రూమ్‌లో 101 మోగితే అవతలివాళ్లు మంట గురించే చెబుతారు. ఆపరేటర్‌కు ముందు కావలసింది చోటు. ఫోన్ తెగిపోయినా చిరునామా తెలిస్తే చాలు, బండి కదులుతుంది. ఏ గేటు? లోపల మనుషులున్నారా? కేకల మధ్య నుంచి వీటిని రాబట్టడంలోనే ఉంది పనితనమంతా. మిగతా వివరాలు దారిలో ఉన్న సిబ్బందికి వైర్‌లెస్‌లో అందించవచ్చు.

సూరత్ దగ్గరి హజీరా అనగానే ప్రశ్నలు మారిపోతాయి.

అక్కడ ఉన్నవి గ్యాస్, ఎరువులు, ఉక్కు కర్మాగారాలు. మండుతున్నదేమిటి, గాలి ఎటు వీస్తోంది? గాలి వచ్చే వైపు నుంచే బండ్లు చేరాలి మరి. 2020 సెప్టెంబర్ 24 తెల్లవారుజామున 3 గంటల ప్రాంతంలో అక్కడి ఓఎన్‌జీసీ గ్యాస్ ప్లాంట్‌లో వరుస పేలుళ్లు జరిగాయి. అలాంటి గ్యాస్ మంటను తొందరపడి ఆర్పకూడదు. లీకు ఆగకుండా ఆర్పితే గ్యాస్ కమ్ముకుని మళ్లీ పేలవచ్చు. ప్లాంటువాళ్లు వాల్వులు మూసి పీడనం దించేదాకా చుట్టుపక్కల పైపులను, ట్యాంకులను నీళ్లతో చల్లబరుస్తూ ఉండాలి. వినడానికి వింతే, కానీ మంటను మండనివ్వడమూ ఇక్కడ విద్యే.

ఈలోగా కంట్రోల్ రూమ్‌లో అదే మంట గురించి ఫోన్ల మీద ఫోన్లు. ప్రతిదీ ఎత్తాల్సిందే. వాటిలో ఒకటి ఇంకో వీధి నుంచి కావచ్చు.