మూడో రోజు

హాజరు ఇప్పుడు ఫోన్లో వేస్తున్నాం. పొద్దున ప్రార్థన అవగానే యాప్ తెరిచి వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ గుర్తులు పెడితే ఆ పని అయిపోతుంది. అయినా నా సంచిలో ఒక గీతల నోటుబుక్కు ఎప్పుడూ ఉంటుంది. స్కేలు పెట్టి గడులు గీసుకున్న పాతకాలపు హాజరు పట్టీ అది. ఫోను ఇవాళ ఎంతమంది వచ్చారో చెబుతుంది. నోటుబుక్కులో ఒక పేరు పట్టుకుని అడ్డంగా చూపు పోనిస్తే ఆ పిల్లవాడి నెల మొత్తం కనబడుతుంది. ఇరవై నాలుగేళ్ల ఉద్యోగంలో నేను నేర్చుకున్న పనుల్లో ఇలా అడ్డంగా చదవడమే ముఖ్యమైనదని నమ్ముతున్నాను.

బడి మానేయడం ఒక్కరోజులో జరగదు. లెక్కల్లో మాత్రం అలా కనిపిస్తుంది. జూన్‌లో పేరు ఉంటుంది, మరుసటి ఏడు ఉండదు, బడుల వివరాలు నమోదు చేసే యూడైస్‌లో ఆ పేరు ‘డ్రాప్ బాక్స్’ అనే చోటికి చేరుతుంది. దానికి ముందు ఆరు నెలలపాటు ఆ పిల్ల మనకు చెబుతూనే ఉంటుంది. నోటితో చెప్పదు, గైర్హాజరుతో చెబుతుంది.

సోమవారం సోమవారం రాని పిల్లవాడు ఆదివారం కూలికి పోయినవాడు. ఒళ్లునొప్పులు తీరక పడుకుని ఉంటాడు. సంత రోజున రాని ఆడపిల్ల తల్లి సంతకు పోతే ఇంట్లో చంటిదాన్ని ఎత్తుకుని ఉంటుంది. పొద్దున ఉండి మధ్యాహ్నం అన్నం తిన్నాక గోడ దూకిపోయేవాడికి ఆకలి తీరింది కానీ తరగతిలో ఏదో భయం ఉంది. ఇవన్నీ పట్టీలో కనబడతాయి. చూడాలన్న పట్టుదల మాత్రం మనకు ఉండాలి.

ఒక ఏడు ఆరో తరగతిలో ఒక పిల్ల, ఎనిమిదో తరగతిలో వాళ్లక్క. ఇద్దరికీ హాజరు సగం సగం. ఆరో తరగతి చూసే టీచరమ్మ ‘సగం రోజులు రాదు సార్, చదువు మీద ధ్యాస లేదు’ అన్నారు. అక్క గురించి నేనూ అదే అనుకున్నాను. ఒక సాయంత్రం రెండు పట్టీలూ పక్కపక్కన పెట్టుకుని చూశాం. అక్క వచ్చిన రోజున చెల్లి లేదు. చెల్లి వచ్చిన రోజున అక్క లేదు. నెల పొడుగునా అదే వరస, ఒక్క రోజు తప్పలేదు. ఇంట్లో రెండున్నరేళ్ల తమ్ముడున్నాడు, తల్లి పొద్దున్నే చేలోకి పోతుంది. పిల్లలిద్దరూ వంతులు వేసుకుని వాణ్ణి చూసుకుంటున్నారు. వంతు తప్పకుండా, తగువు పడకుండా ఉన్న ఒక్క బడిని ఇద్దరూ పంచుకుని చదువుతున్నారు. అలాంటి పిల్లల్ని ధ్యాస లేదన్నందుకు ఇద్దరం చాలాసేపు మాట్లాడలేకపోయాం. మా బడి గోడ పక్కనే అంగన్‌వాడీ ఉంది. అక్కడి ఆయమ్మను బతిమాలి, వయసు కొంచెం తక్కువైనా పిల్లవాణ్ణి పగలు అక్కడ కూర్చోబెట్టే ఏర్పాటు చేశాం. మరుసటి నెల పట్టీలో ఇద్దరి పేర్ల ఎదురుగానూ ఖాళీ లేకుండా టిక్కులు పడ్డాయి.

మాది పశ్చిమ కర్నూలు. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం మండలాల పేర్లు చదువు వెనకబడిన చోట్ల జాబితాల్లో తరచూ వస్తుంటాయి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి కర్నూలు జిల్లా మొత్తం అక్షరాస్యతే అరవై శాతం దగ్గర ఆగింది. పక్కనే తుంగభద్ర పారుతున్నా చాలా ఊళ్లకు వానే దిక్కు. ఖరీఫ్ పంట ఇంటికొచ్చాక చేయడానికి పని ఉండదు. అప్పుడు మొదలవుతుంది సుగ్గి. ఆ మాట బయటివాళ్లకు తెలియకపోవచ్చు. పనికోసం ఊరు విడిచి పోవడాన్ని మావాళ్లు ‘సుగ్గికి పోవడం’ అంటారు. గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతలకు పోతారు. మేస్త్రి ముందే అడ్వాన్సు ఇస్తాడు. బియ్యం మూటలు, పొయ్యి, దుప్పట్లు, కోళ్లు, పిల్లలు, అందరూ ఒకే బండెక్కుతారు. ఉగాది దగ్గర పడితే గానీ తిరిగిరారు. ఆ మూడు నాలుగు నెలలు కొన్ని వీధుల్లో ముసలివాళ్లు, తాళాలు తప్ప ఏమీ కనబడవు. మా తరగతి గదుల్లో బెంచీలు వదులవుతాయి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో సుగ్గిని వానలాగా, ఎండలాగా చూసేవాణ్ణి. వస్తుంది, పోతుంది, మనం చేసేదేముంది అనుకునేవాణ్ణి. నాలుగో ఏడు తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. లెక్కల్లో చురుకు. బోర్డు మీద నేను తప్పు చేస్తే కూర్చున్నచోటి నుంచే నెమ్మదిగా ‘సార్, గుర్తు మారాల’ అనేది. సంక్రాంతికి ముందు మూడు రోజులు రాలేదు. నేను పట్టీలో ఆమె పేరు పక్కన పెన్సిలుతో ‘సుగ్గి’ అని రాసి ఊరుకున్నాను. మార్చి చివర ఒక పొద్దున వచ్చింది. నల్లబడిపోయింది. మిరప ఘాటుకు వేళ్ల చివర్లు పొట్టు లేచి ఉన్నాయి. తరగతి గుమ్మంలో నిలబడి ‘సార్, లోపలికి రావచ్చా’ అంది. ‘ఇన్నాళ్లకు గుర్తొచ్చిందా బడి?’ అన్నాను. అందరూ నవ్వారు. ఆమె లోపలికొచ్చి చివరి బెంచీలో కూర్చుంది. ఆ రోజంతా తల ఎత్తలేదు. మర్నాడు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. ఎండాకాలంలో పెళ్లయిందని తెలిసింది.

మూడు నెలలు మిరప చేలో ఉన్నా ఆ పిల్ల బడిని మరిచిపోలేదు. ఊళ్లో దిగిన మర్నాడే వచ్చింది. ఆమెను వెనక్కి పంపింది పేదరికం కాదు, నా మాట. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

అప్పటినుంచి నాకు రెండు నియమాలు. ఒకటి, కబురు లేకుండా మూడో రోజు రాకపోతే ఆ సాయంత్రమే ఇంటికి వెళ్లడం. ఒకరోజు జ్వరం కావచ్చు. రెండు రోజులు చుట్టాల పెళ్లి కావచ్చు. మూడో రోజు దాటితే ఇంట్లో ఏదో నిర్ణయం జరుగుతూ ఉంటుంది. వారం ఆగితే ఆ నిర్ణయం అయిపోయి ఉంటుంది. రెండోది, తిరిగొచ్చిన పిల్లను ‘ఎందుకు రాలేదు’ అని తరగతిలో అడగకపోవడం. ‘వచ్చినావా, కూర్చో’ అంటాను, అంతే. పాత చోటులోనే కూర్చోబెడతాను, ఆ చోటు అప్పటిదాకా ఎవరికీ ఇవ్వను. పక్కన కూర్చునే పిల్లకు ముందే చెప్పి పోయిన పాఠాల నోట్సు సిద్ధంగా ఉంచుతాను. ఆ రోజు పరీక్ష ఏదైనా ఉంటే వాయిదా వేస్తాను. మొదటి రోజు ఏడవకుండా ఇంటికి పోయిన పిల్ల రెండో రోజు వస్తుంది.

ఇంటికి వెళ్లినప్పుడు ఏం మాట్లాడాలన్నది కూడా నేర్చుకోవాల్సి వచ్చింది. మొదట్లో చదువు గొప్పతనం చెప్పేవాణ్ణి. తల్లులు ఓపిగ్గా వినేవాళ్లు, మంచినీళ్లు ఇచ్చేవాళ్లు, మర్నాడు బండెక్కేవాళ్లు. ఒకసారి కార్తీక మాసంలో ఒక ఇంటికి వెళ్తే ఆ తల్లి మూటలు కడుతోంది.

‘పిల్లోన్ని ఇడ్సిపోమ్మా, ఏడో తరగతి. ఇంకొన్ని నెలలైతే పరీక్షలు’ అన్నాను.

‘ఇడ్సిపోతే రాత్రికి బువ్వ ఎవురు పెడ్తారు సార్? అవ్వకు కండ్లు అగుపడవు. పగలు మీరు పెడ్తారు, సరే. రాత్రికి?’ అంది.

ఆ రోజు ఆమె ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. నేను చదువు గురించి వాదిస్తున్నాను, ఆమెకు చదువు మీద పేచీయే లేదు. పిల్లవాడి రాత్రి భోజనం గురించీ, చీకటిపడ్డాక ఎక్కడ పడుకుంటాడన్న దాని గురించీ ఆమె ఆలోచిస్తోంది. ఏ తల్లయినా అదే ఆలోచిస్తుంది.

పేద తల్లులకు చదువు మీద పేచీ లేదన్న సంగతిని ప్రొఫెసర్ శాంతా సిన్హా మనకు ఎప్పుడో చెప్పారు. మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ తరఫున 1991 నుంచి రంగారెడ్డి జిల్లా ఊళ్లలో ఆమె, ఆమెతో పనిచేసినవాళ్లు బాల కార్మికుల్ని బడికి తెచ్చారు. బడిలో లేని ప్రతి పిల్లా బాల కార్మికురాలే అన్నది వాళ్ల మూల సూత్రం. పేద తల్లిదండ్రులు చదువు వద్దంటారన్న మాట అబద్ధమని, దారి చూపిస్తే వాళ్లే పంపుతారని వాళ్లు ఊరూరా చేసి చూపించారు. ఏళ్ల తరబడి బడికి దూరమైన పిల్లల్ని బ్రిడ్జి కోర్సు శిబిరాల్లో ఉంచి, చదువు అందించి, వయసుకు తగ్గ తరగతిలోకి పంపారు. 2003లో ఆమెకు మెగసెసే పురస్కారం వచ్చింది. 2009 విద్యాహక్కు చట్టంలోనూ అదే ఆలోచన ఉంది. బడి బయట ఉన్న పిల్లను వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకుని, వెనకబడిన చదువును ప్రత్యేక శిక్షణతో అందించాలని నాలుగో సెక్షన్ చెబుతుంది. పన్నెండేళ్ల పిల్లవాణ్ణి రెండో తరగతి పిల్లల మధ్య కూర్చోబెడితే వాడు సిగ్గుతోనే పారిపోతాడు.

ఆ తల్లి అడిగిన ప్రశ్నకు మా దగ్గర జవాబు సీజనల్ హాస్టల్. వలస వెళ్లే కుటుంబాల పిల్లల్ని ఆ నెలలు బడిలోనే ఉంచి, రాత్రి అన్నం పెట్టి, పడుకోబెట్టి, ఒక మనిషిని కాపలా ఉంచే ఏర్పాటు ఇది. సమగ్ర శిక్ష కింద నడుస్తుంది. ఇంతకంటే సూటిగా పనిచేసే పథకాన్ని నేను చూడలేదు. కానీ అది వేళకు తెరవాలి. ఒక ఏడు అనుమతి కాగితాలు వచ్చేసరికి బండ్లు వెళ్లిపోయి నెల దాటింది. హాస్టల్ గదిలో చాపలు పరిచాం, పడుకోవడానికి పిల్లలు లేరు. దీపావళికి ముందే తెరిస్తే తల్లి కళ్లారా చూస్తుంది, వంటమనిషితో మాట్లాడుతుంది, నమ్మకం కుదిరితే పిల్లను వదిలిపోతుంది. అధికారులను నేను కోరేది ఇదొక్కటే. సుగ్గి ఎప్పుడు మొదలవుతుందో ఊళ్లో చిన్నపిల్లలు కూడా చెబుతారు.

డబ్బు సాయం గురించి చాలామంది అడుగుతారు. 2020 జనవరిలో మొదలైన అమ్మ ఒడి కింద తల్లుల ఖాతాల్లో ఏటా డబ్బు వేశారు. ఇప్పుడు తల్లికి వందనం పేరుతో ఇంట్లో ఎంతమంది చదివితే అంతమందికీ ఇస్తున్నారు. మంచి పని, దాన్ని తక్కువ చేయను. అయితే దానికి ముడిపెట్టిన 75 శాతం హాజరు నియమం మా ప్రాంతంలో ఎవరిని ముందుగా తప్పిస్తుందో ఆలోచించండి. మూడు నెలలు సుగ్గికి పోయిన పిల్ల ఆ గీత దాటడం కష్టం. అందరికంటే ఎక్కువ అవసరం ఉన్న ఇంటికే ఆ సాయం అందకుండా పోయే ప్రమాదం ఉంది.

ఇక అన్నం తిని గోడ దూకిపోయే పిల్లవాడి సంగతి. ఎనిమిదో తరగతి, చురుకైనవాడు, చేలో పెద్దవాళ్లతో సమానంగా పనిచేస్తాడు. వాడికి చదవడం రాదు. మధ్యాహ్నం తెలుగు పీరియడ్‌లో వరసగా నిలబెట్టి పాఠం చదివిస్తారు. తన వంతు రాకముందే వాడు వెళ్లిపోతున్నాడు. తెలుగు సార్‌తో మాట్లాడి ఆ పద్ధతి ఆపించాను. రోజూ ప్రార్థనకు ముందు అరగంట స్టాఫ్ రూమ్‌లో, తలుపు దగ్గరకు వేసి, మూడో తరగతి వాచకం పెట్టుకుని కూర్చునేవాళ్లం. బయట ఎవరైనా అడిగితే ‘సార్ బీరువా సర్దమన్నారు’ అని చెప్పేవాడు, నేనూ అదే చెప్పేవాణ్ణి. ఒత్తుల దగ్గర చెమటలు పట్టేవి వాడికి. ఫిబ్రవరిలో ఒకరోజు బీరువా మీద అంటించిన కాగితం తనంతట తానే చదివాడు, ‘ప్రయోగశాల సామగ్రి’. రెండుసార్లు చదివాడు. ఆ తర్వాత గోడ దూకలేదు. మొన్న పదో తరగతి పాసయ్యాడు.

అన్నిసార్లూ ఇలా జరగదు. ఈ ఏడు కూడా మా తరగతిలో ఇద్దరి పేర్లు, బడికి రావడం మానేసినందుకు, ఎరుపు సిరాతో ఉన్నాయి. ఒకరి ఇంటికి నాలుగుసార్లు వెళ్లాను, తాళం ఉంది. మళ్లీ వెళ్తాను.

ఇది చదివేవాళ్లలో గుంటూరు, పల్నాడు జిల్లాల వాళ్లు చాలామంది ఉంటారు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో మీ చేల గట్ల మీద పట్టాలు కట్టుకుని ఉండేది మా ఊళ్లవాళ్లే. వాళ్లతో బడి ఈడు పిల్లలు కనబడితే ఒక్క పూట వీలు చేసుకుని దగ్గర్లోని బడికి తీసుకెళ్లండి. ఏడాదిలో ఏ నెలలోనైనా చేర్చుకోవాలని చట్టం చెబుతోంది. టీసీ లేదని, ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు. ఎవరైనా కాదంటే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి. ఆ రెండు మూడు నెలలు మీ ఊరి బడిలో కూర్చుంటే చాలు. ఉగాదికి వాళ్లు ఇక్కడికి వచ్చేసరికి పాత బెంచీలోనే చోటు ఉంటుంది.