బొటనవేలు నడిపే సాంబా

బ్రెజిల్ గిటార్ మీద మనసు పడ్డవాళ్లు ముందు కుడిచేతిని గమనించాలి. 1958లో గాయకుడు, గిటారిస్టు జోవావ్ జిల్బెర్టో 'షెగా జి సవుదాజి' పాట రికార్డు చేసినప్పుడు, సాంబా వాద్యబృందం లయనంతా నైలాన్ తీగల గిటార్‌లోకి దించేశాడు. సుర్దూ అనే పెద్ద డోలు పని బొటనవేలిది: బేస్ తీగల మీద నిలకడగా దెబ్బ తర్వాత దెబ్బ. టాంబొరిమ్ అనే చిన్న వాద్యం పని మిగతా వేళ్లది. అవి కార్డ్‌ని ఒక్కసారిగా మీటుతాయి, అదీ ఎక్కువగా దెబ్బ మీద కాదు, దెబ్బల సందుల్లో. ఒక్కోసారి తర్వాతి కార్డ్ పావు దెబ్బ ముందే వచ్చి వాలుతుంది. బొటనవేలు మాత్రం తొందరపడదు. ఒకే చేతిలో ఈ రెండు నడకలూ నిలబెట్టడమే అసలు సాధన. కార్డులు తర్వాత, ముందు తీగల మీద ఎడమచేయి ఊరికే ఆనించి లయ ఒక్కటే పలికించాలి.

ఎడమచేతిలోనూ గొప్ప నేర్పుంది. వేళ్లు ఎత్తకుండా ఒత్తిడి సడలిస్తే చాలు, నాదం ఠక్కున ఆగుతుంది. ఆ చిన్న విరామంలోంచే ఊపు పుడుతుంది. నైలాన్ తీగ మోగి తొందరగా సద్దుమణుగుతుంది కనుక మెల్లగా పాడే గొంతుకూ చోటు మిగులుతుంది.

అలాగని ఇదంతా మెత్తని సంగీతమే అనుకోకూడదు. 1966 నాటి 'ఆఫ్రో-సాంబాస్' ఆల్బమ్‌లో గిటారిస్టు బేడెన్ పావెల్ వాయింపు ఎంత ఉధృతమో! ఇక సాంబా గాయకుడు కార్తోలా 1974 ఆల్బమ్‌లో దీనో ఏడు తీగల గిటార్ విన్నారా? పాట చరణం ముగిసే చోటల్లా కింది స్థాయిలో పరుగెత్తుకొచ్చి గాయకుడికి బదులు చెబుతుంది. నాకైతే ఆ బదుళ్లే ప్రాణం.