చెరిపేయని క్యూ
ఫొటోల భాండాగారంలోకి ఒక బొమ్మ చేరగానే దానికి వివరాలు కావాలి. ఎప్పుడు, ఏ కెమెరాతో తీశారన్నది చాలాసార్లు ఫైల్‌లోని ఎగ్జిఫ్ భాగంలోనే ఉంటుంది. బొమ్మలో ఏముందో, బోర్డు మీది అక్షరాలేమిటో మాత్రం యంత్రం చూసి చెప్పాలి, దానికి సమయం పడుతుంది. అంతసేపు మనిషిని తెర ముందు కూర్చోబెట్టకుండా సర్వర్ ఫైల్‌ను భద్రపరిచి, ‘అందింది’ అని చెప్పేసి, పనిని క్యూలో వేస్తుంది. వెనకనున్న వర్కర్ ప్రోగ్రాములు వీలునుబట్టి అందుకుంటాయి.

అసలు పనితనం ఆ క్యూ లోపల ఉంది. 2006 నుంచి నడుస్తున్న అమెజాన్ క్యూ సేవ ఎస్‌క్యూఎస్‌నే చూడండి. దానిలో పని ఒక చిన్న సందేశంగా చేరుతుంది. బొమ్మ అందులో ఉండదు, అది ఎక్కడుందో చెప్పే చిరునామా ఉంటుంది. వర్కర్ ఆ సందేశాన్ని తీసుకున్నా క్యూ దాన్ని చెరిపేయదు. మిగతా వర్కర్లకు కనబడకుండా దాస్తుంది, అంతే. మనం మార్చకపోతే ఆ గడువు 30 సెకన్లు, 12 గంటల దాకా పెంచుకోవచ్చు. వర్కర్ వివరాలను డేటాబేస్‌లో రాసిన తర్వాతే సందేశాన్ని చెరిపేయమంటుంది. మధ్యలో మెమరీ చాలక కూలిపోయిందా, ఆ మాట రాదు. గడువు తీరగానే సందేశం మళ్లీ కనబడుతుంది, ఇంకో వర్కర్ అందుకుంటుంది. ఎవరు కూలారో కనిపెట్టే కాపలా ప్రోగ్రాం అక్కర్లేకుండానే పని తిరిగొస్తుంది.

కూలిపోవడం వేరు, ఆలస్యం వేరు. రెండు గంటల వీడియో మీద పనిచేస్తున్న వర్కర్ బతికే ఉన్నా గడువు దాటవచ్చు. అందుకని అది పని చేస్తూనే మధ్యమధ్యలో గడువు పొడిగించుకుంటుంది. అది మరిచిందనుకుందాం, పని రెండో వర్కర్ చేతికి పోతుంది. సందేశాన్ని అందుకున్న ప్రతిసారీ క్యూ కొత్త రసీదు ఇస్తుంది. పాత రసీదు చూపించి చెరిపేయమంటే సందేశం పోతుందన్న భరోసా లేదు. నాకు అన్నిటికన్నా నచ్చిన సూక్ష్మం ఇది.

మామూలు (స్టాండర్డ్ రకం) క్యూలో ఒకే సందేశం అప్పుడప్పుడు రెండుసార్లు రావడం కూడా సహజమే. దాన్ని తట్టుకోవలసింది డేటాబేస్. ఫైల్‌లోని బైట్ల నుంచి తీసిన షా-256 హాష్, దానికి బొమ్మను చదివే మోడల్ వెర్షన్ కలిపి రికార్డుకు కీగా పెడితే రెండోసారి రాసిందీ అదే వరుసలో పడుతుంది, నకలు పుట్టదు. మనుషులు దిద్దిన వివరణలను వేరే కాలమ్‌లో ఉంచడం మంచి డిజైనర్ లక్షణం. యంత్రం ఎన్నిసార్లు తిరగరాసినా వాటి జోలికి పోదు.

ఇక పాడైన ఫైళ్లు. సగమే చేరిన ఒక టిఫ్ ఫైల్ తనను తెరిచిన ప్రతి వర్కర్‌నూ కూల్చగలదు. అందుకే క్యూ ప్రతి సందేశం ఎన్నిసార్లు బయటికెళ్లిందో లెక్కపెడుతుంది. మనం పెట్టిన హద్దు దాటితే దాన్ని డెడ్ లెటర్ క్యూ అనే విడి క్యూలోకి పంపుతుంది. అక్కడ మనిషి చూసి, లోపం సరిచేసి, వెనక్కి పంపుతాడు. ఇక్కడొక జాగ్రత్త ఉంది. మామూలు క్యూలో సందేశం వయసును అది మొదట చేరిన క్షణం నుంచే లెక్కిస్తారు, డెడ్ లెటర్ క్యూకి మారినా ఆ లెక్క మళ్లీ మొదలవదు. మొదటి క్యూలో నిల్వ గడువు నాలుగు రోజులైతే, రెండోదానికి గరిష్ఠమైన 14 రోజులూ ఇవ్వాలి. లేకపోతే మనిషి వచ్చి చూసేలోగానే సందేశం మాయమైపోవచ్చు.