గ్రూప్ పాలసీలో అధికార బదలాయింపు: విమర్శనాత్మక పరిశీలన

విండోస్ 2000 సర్వర్‌తో వచ్చిన యాక్టివ్ డైరెక్టరీలో, వేలాది కంప్యూటర్లకు ఒకే చోటు నుంచి నియమాలు విధించే సాధనం గ్రూప్ పాలసీ. ఏ ప్రింటర్ కనిపించాలి, పెన్‌డ్రైవ్ పనిచేయాలా వద్దా వంటి నియమాలను పాలసీ ఆబ్జెక్టు అనే ఒక కట్టగా రాసి, కంప్యూటర్లూ ఉద్యోగుల ఖాతాలూ ఉండే విభాగానికి, అంటే ఓయూకు, లింకు చేస్తారు. పెద్ద సంస్థలో ఈ పనంతా ఒక్క అడ్మినిస్ట్రేటర్ వల్ల కాదు. కొంత అధికారం సపోర్టు సిబ్బందికి అప్పగించక తప్పదు.

ఇందుకు మైక్రోసాఫ్ట్ చేసిన ఏర్పాటులో మెచ్చుకోదగినది ఒకటుంది. పాలసీ రాసే హక్కు వేరు, లింకు చేసే హక్కు వేరు. 'గ్రూప్ పాలసీ క్రియేటర్ ఓనర్స్' గ్రూపులోని సభ్యుడు కొత్త పాలసీ తయారుచేయగలడు, తాను చేసినదాన్ని మార్చగలడు. లింకు హక్కు విడిగా ఇస్తే తప్ప దాన్ని ఏ కంప్యూటర్ మీదా అమలు చేయలేడు. ఆఫీసులో బిల్లు తయారుచేసే గుమాస్తా వేరు, సంతకం పెట్టే అధికారి వేరు అయినట్లే.

అయితే ఈ కట్టుబాటు మొదటిసారికే పనిచేస్తుంది. అప్పటికే లింకు అయిన పాలసీ మీద ఎడిట్ హక్కు ఉన్నవారికి మళ్లీ ఎవరి సంతకమూ అక్కర్లేదు. సంతకం అయిన చెక్కు మీద అంకె దిద్దినట్లన్నమాట. దిద్దిన నియమం మామూలుగా 90 నుంచి 120 నిమిషాల్లో కంప్యూటర్లకు దానంతట అదే చేరుతుంది.

ఒక ఉదాహరణ తీసుకోండి. శాఖా కార్యాలయాల ప్రింటర్లు మార్చడం హెల్ప్‌డెస్క్ ఉద్యోగి పని. అందుకోసం అతనికి ప్రింటర్ల పాలసీ మీద ఎడిట్ హక్కు ఇచ్చారు. ఆ హక్కు ప్రింటర్ల దగ్గర ఆగదు. అదే ఆబ్జెక్టులో అతను స్టార్టప్ స్క్రిప్టు పెట్టవచ్చు. అది ప్రతి కంప్యూటర్‌లోనూ సిస్టమ్ ఖాతా బలంతో నడుస్తుంది. లోకల్ అడ్మినిస్ట్రేటర్ల గ్రూపులో తన పేరు చేర్చుకోవచ్చు. అతను నిజాయితీపరుడే కావచ్చు. అతని పాస్‌వర్డు కాజేసినవాడికీ అంతే బలం వస్తుంది కదా!

అసలు లోపం ఇదే. హక్కును ఆబ్జెక్టు మొత్తానికి ఇవ్వాలి, ఒక్క సెట్టింగుకు ఇచ్చే వీలు లేదు. పాలసీలను చిన్న చిన్న ముక్కలు చేయమని కొందరు సలహా ఇస్తారు. దానివల్ల ప్రమాదం సోకే కంప్యూటర్ల సంఖ్య తగ్గవచ్చు గానీ, వాటి మీద అతనికున్న బలం తగ్గదు. ఎడిటర్‌లో కొన్ని భాగాలు కనిపించకుండా చేయవచ్చు. కానీ సిస్‌వాల్ ఫోల్డరులోని పాలసీ ఫైళ్ల మీద రాసే హక్కు అలాగే ఉంటుంది. కిటికీకి తెర వేస్తే గడియ పెట్టినట్లు కాదు.

దీనికి విరుగుడు మైక్రోసాఫ్ట్‌కు తెలియనిదేమీ కాదు. అడ్వాన్స్‌డ్ గ్రూప్ పాలసీ మేనేజ్‌మెంట్‌లో ఎడిటర్ నకలు మీదే పనిచేస్తాడు, అప్రూవర్ ఆమోదిస్తేనే మార్పు అమల్లోకి వస్తుంది. దాన్ని సర్వర్‌తో ఇవ్వకుండా, సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ ఒప్పందం ఉన్న సంస్థలకు విడి ప్యాకేజీలో అందించిన తీరు సమర్థనీయం కాదు.

అది లేని సంస్థలో హెల్ప్‌డెస్క్‌కు ఏ హక్కు ఇవ్వాలి? వారికి వచ్చే ఫోన్లలో చాలావరకు "ఈ నియమం నా కంప్యూటర్‌కు ఎందుకు రాలేదు?" అన్నవే. ఆ జవాబు వెతకడానికి గ్రూప్ పాలసీ ఫలితాలు చదివే హక్కు చాలు. దాన్ని ఓయూ స్థాయిలో విడిగా ఇవ్వవచ్చు, దానితో ఏదీ మార్చలేరు. ప్రింటరు మార్పు మాత్రం టికెట్ రూపంలో అడ్మినిస్ట్రేటర్ దగ్గరికి వెళ్లాలి, అరపూట ఆలస్యమైనా సరే.