‘ఆడ విత్తనం’ అన్న మాట ఎంతవరకు సబబు?

పలాస నుంచి సముద్రంవైపు సాగే ఉద్దానం ఇసుకనేలల్లో పోతుతాడు, పెంటితాడు అన్న భేదం తెలియని పిల్లవాడు అరుదు. ముంజెలు కాచేది పెంటితాడే. అయితే టెంక పాతిననాడు మొలిచేది ఏదో రైతు చెప్పలేడు. పన్నెండేళ్లకో, ఇంకా ఆలస్యంగానో పూత వస్తేగాని గుట్టు బయటపడదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చిన తరువాత మళ్లీ మొక్క నాటినవారికి ఇటువంటి నిరీక్షణ ఎంత ఖరీదైనదో వేరే చెప్పనక్కరలేదు. ‘అన్నీ ఆడమొక్కలే వచ్చే విత్తనం’ అన్నమాట అటువంటి చోట ఆశ పుట్టించడం సహజం. ఆ మాటను కొంచెం పరీక్షించవలసి ఉన్నది.

ఈ మాట ముఖ్యంగా వినిపించేది గంజాయి మొక్క విషయంలో. అనుమతి లేకుండా దానిని సాగుచేయడం మనదేశంలో 1985 నాటి చట్టం ప్రకారం నేరం. 2018లో చట్టబద్ధం చేసిన కెనడాలో మాత్రం ఈ విత్తనాలను బహిరంగంగానే అమ్ముతారు. వృక్షశాస్త్రానికి ఈ మొక్క మంచి పాఠం. తాటివలె ఇదీ ఏకలింగాశ్రయి. ఆడమొక్కలో రెండు ఎక్స్ క్రోమోసోములు, మగమొక్కలో ఒక ఎక్స్, ఒక వై ఉంటాయి. ఎథిలీన్ అనే వాయుహార్మోను ఆడపువ్వులకు దోహదం చేస్తుంది; వెండి లవణాలు దాని పనిని అడ్డగిస్తాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన మోహన్‌రామ్, సేఠ్ అనే శాస్త్రజ్ఞులు ఆడమొక్కలపై వెండి లవణాలను ప్రయోగించి, పనికివచ్చే పుప్పొడిగల మగపువ్వులను పూయించినట్లు 1982లో ప్రకటించారు. ఆ పుప్పొడిలో వై లేదు. దానిని ఆడమొక్కకు చేర్చితే పుట్టే విత్తనాలన్నిటిలోను రెండు ఎక్స్‌లే ఉంటాయి.

ఇంతవరకు లెక్క సరిగానే ఉన్నది. పేచీ అంతా ఆ తరువాతనే. క్రోమోసోముల లెక్క వేరు, పూసే పువ్వు వేరు. కొన్ని ఆడమొక్కలు ఏ రసాయనమూ తగలకుండానే, రాత్రి చీకటికి భంగం కలిగినప్పుడో మరే ఒత్తిడికి లోనైనప్పుడో, మగపువ్వులు కూడ పూసి ద్విలింగ మొక్కలవుతాయి. ఈ స్వభావం సంతతికి సంక్రమించేదే. అటువంటి మొక్క పుప్పొడితో తీసిన విత్తనమూ ‘ఆడ విత్తనమే’. నిలకడగల ఆడమొక్కను ఏరి, వెండి లవణంతో పుప్పొడి ఇప్పించి తీసినదీ ‘ఆడ విత్తనమే’. సంచిమీద పేరొక్కటే, పొలంలో నడవడి వేరు! పుప్పొడి గాలికి ఎగిరేది గనుక ఏ కొన్ని మగపువ్వులైనా చుట్టుపక్కల మొక్కలను గింజ కట్టించగలవు. పేరు పెట్టినవారు క్రోమోసోములను చూశారు, కొన్నవారు పువ్వులను ఊహించుకున్నారు.

టెక్కలి పెరళ్లలో పెరిగే బొప్పాయి కూడ ఈ సంగతే చెబుతుంది. ద్విలింగ పుష్పాల చెట్టును దాని పుప్పొడితోనే ఫలింపజేస్తే మగచెట్లు పుట్టవు. కాని పుట్టేవన్నీ ఆడవీ కావు. ద్విలింగ చెట్లు రెండు పాళ్లు, ఆడచెట్లు ఒక పాలు. పైగా ఆ ద్విలింగ చెట్టు మండువేసవిలో అండాశయం కుంటుపడిన పువ్వులు పూసి కాపు తప్పుతుంది. ‘రెడ్ లేడీ’ అని పేరున్నంతమాత్రాన ఆ రకంలోని చెట్లన్నీ ఆడవి అనుకోరాదు.

ఈ భ్రమకు కొంత పునాది తరగతి గదిలోనే పడుతున్నది. ఏకలింగాశ్రయికి తాడి, ద్విలింగాశ్రయికి కొబ్బరి అని నల్లబల్లమీద రెండు గళ్లు గీసి పాఠం ముగిస్తే, లింగమన్నది మొక్కకు పుట్టుకతో తగిలించిన చీటీ అని విద్యార్థి అనుకుంటాడు. ద్విలింగ పుష్పాన్ని ‘నపుంసకం’ అనేవారు కూడ లేకపోలేదు. రెండూ ఉన్నదానికి ఏదీ లేనిదాని పేరు పెట్టడమిది. జీడి ఈ రెండు గళ్లలోను ఇమడదు. ఒకే పూగుత్తిలో మగపువ్వులు, ద్విలింగ పుష్పాలు కలిసి ఉంటాయి. సాధారణంగా మగవే ఎక్కువ. గింజ కట్టేది ద్విలింగ పుష్పమే. వాటి నిష్పత్తి చెట్టుకూ చెట్టుకూ మారుతుంది. పలాసలో ఒలిచే ప్రతి పప్పూ అటువంటి పుష్పం నుంచి వచ్చినదే.

జీడి పూతకు వచ్చినప్పుడు ఉపాధ్యాయుడు రెండు చెట్ల నుంచి చెరొక గుత్తి తెప్పించి, మధ్యలో కీలం ఉన్న పువ్వులను, లేనివాటిని పిల్లలచేత విడదీయించి లెక్కపెట్టించవచ్చు. భూతద్దం ఉంటే మేలు, లేకపోయినా పని ఆగదు. ఒక గంటలో అయిపోతుంది.